ఎనిమిదో తరగతి పార్టీకి నాలుగు వేల ప్లాన్

ఈ వారం ప్రిలిమ్స్ నోట్స్ పెట్టడం లేదు. విద్యాహక్కు మీద ఒక ఎస్సే మీకు బాకీ ఉన్నాను. ఇంకోపక్క పదిహేను రోజులుగా నా సాయంత్రాలన్నీ ఒక పార్టీ ఏర్పాట్లకే పోతున్నాయి. రెండూ ఒకటే విషయం కాబట్టి కలిపే రాస్తున్నాను.

ఆ పార్టీ ఇదీ. మా దగ్గర సాయంత్రం ట్యూషన్‌కి వచ్చే పిల్లల్లో ఈ డిసెంబర్‌తో ఎనిమిదో తరగతి పూర్తిచేస్తున్నవాళ్లు 23 మంది. వచ్చే ఆదివారం మధ్యాహ్నం వాళ్లకి చిన్న వేడుక. తల్లులు, వెంటపడి వచ్చే తమ్ముళ్లు, చెల్లెళ్లు కలిపి 45 మంది. ఖర్చు 4,000 రూపాయలు దాటకూడదు. దీనికీ జీఎస్ 2కీ ఏం సంబంధం అనిపిస్తే, సగం దాకా చదివి అప్పుడు అడగండి.

కొత్తగా చదువుతున్నవాళ్ల కోసం ఒక మాట. నేను ఉండేది కోల్‌కతాలో, గార్డెన్ రీచ్ వైపు. సౌత్ ఈస్టర్న్ రైల్వే ప్రధాన కార్యాలయం ఇక్కడే. పూర్వం అది బెంగాల్ నాగపూర్ రైల్వే, మా పెద్దవాళ్ల నోట ఇప్పటికీ బీఎన్ఆర్. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి ఆ రైలు పట్టాల వెంబడే వచ్చినవాళ్లు ఖరగ్‌పూర్‌లో ఎక్కువమంది దిగారు, కొంతమంది ఇక్కడిదాకా వచ్చారు. మా తాతగారు అలా వచ్చి ఖలాసీగా చేరారు. ట్యూషన్ నడిచేది మా పాడా క్లబ్బు గదిలో. పాడా అంటే మన పేట. కోల్‌కతాలో ప్రతి పేటకీ ఒక క్లబ్బు ఉంటుంది, దాంట్లో ఒక క్యారమ్ బోర్డు ఉంటుంది. సాయంత్రం ఆరింటికి ఆ బోర్డు గోడకి ఆనించి మేం చాపలు పరుస్తాం. పిల్లల్లో తెలుగువాళ్లు, బెంగాలీలు, హిందీ, ఉర్దూ మాట్లాడేవాళ్లు అందరూ ఉన్నారు. నాకు ఇద్దరి పిలుపులూ అలవాటే, కొందరికి అక్కని, కొందరికి దీదీని.

ముందు ఒక చట్టం ముక్క. మన ఊళ్లలో ఎలిమెంటరీ బడి అంటే ఐదో తరగతి దాకా. చట్టంలో అలా కాదు. 2009 విద్యాహక్కు చట్టం సెక్షన్ 2(ఎఫ్) ప్రకారం ఎలిమెంటరీ విద్య అంటే ఒకటి నుంచి ఎనిమిది. ప్రిలిమ్స్‌లో తికమక పెట్టడానికి అనువైన చోటు, గుర్తుపెట్టుకోండి. అదే చట్టంలో మనం చదివేసి దాటిపోయే సెక్షన్ 30 ఒకటుంది. ఎలిమెంటరీ విద్య పూర్తయ్యేవరకు ఏ బిడ్డా బోర్డు పరీక్ష పాసవ్వాల్సిన అవసరం లేదన్నది మొదటి భాగం, దాన్ని అందరూ నోట్స్‌లో రాసుకుంటారు. రెండో భాగాన్ని ఎవరూ రాసుకోరు: ఎలిమెంటరీ విద్య పూర్తిచేసిన ప్రతి బిడ్డకీ ఒక ధ్రువపత్రం ఇవ్వాలి. అంటే ఎనిమిదో తరగతి చివర పిల్లల చేతిలో ఒక కాగితం పెట్టాలని పార్లమెంటే చెప్పింది. మా పిల్లల్లో ఎక్కువమంది చదివే బడిలో దీని గురించి అడిగితే, మార్కుల షీటూ టీసీ ఇస్తాం కదా, ఆ పత్రం ఇంతవరకు ఎవరూ అడగలేదే అన్నారు. కోపంగా ఏమీ కాదు, నిజంగా ఆశ్చర్యపడే అన్నారు.

పార్టీ ఆలోచన అక్కడ పుట్టింది. కాగితం సంగతి బడి చూసుకుంటుంది, కనీసం ఒక పూట వేడుక మనం చేద్దాం అని. మా గుంపులో ఎనిమిది మందిమి ఉన్నాం, అందరం ఏదో ఒక పరీక్షకి చదువుతున్నవాళ్లమే. ఒకతను పగలు ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెబుతాడు. వాళ్ల బడిలో యూకేజీ పిల్లలకి కూడా నల్ల గౌను, నెత్తిన పలక లాంటి టోపీ పెట్టి గ్రాడ్యుయేషన్ డే చేస్తారట. మనమూ అద్దెకి తెద్దాం, ఒక్కోటి 150 అన్నాడు. 23 గౌన్లకి 3,450. మిగిలిన 550తో 45 మందికి ఏం పెడతాం? ఆ లెక్కతోనే గౌను ఆగిపోవాల్సింది. కానీ పిల్లలకి ఫోటో మీద ఆశ ఉంది, అందుకని రెండు రోజులు వాదన నడిచింది.

తేల్చింది ఒక తల్లి. ట్యూషన్ దగ్గర పిల్లని తీసుకెళ్లడానికి వచ్చి, గౌన్ల మాట విని, నన్ను పక్కకి పిలిచి అడిగింది: "అయితే చదువు అయిపోయినట్టేనా అమ్మా? పట్టా కూడా ఇచ్చేస్తన్నారు కదా." ఆ గొంతులో సంతోషం ఉంది. అదే భయమేసింది.

ఆవిడని తప్పు పట్టకండి. మా కాలనీ జ్ఞాపకంలో ఎనిమిది పాస్ అనేది నిజంగానే ఒక చదువు. తాతగారి రోజుల్లో సంతకం వస్తే చాలు. మా నాన్నగారు ఎనిమిది పాసై రైల్వేలో గ్రూప్ డిలో చేరారు. ఆరో వేతన సంఘం తర్వాత ఆ గ్రూప్ డినే ఎత్తేశారు. ఇప్పుడు అదే స్థాయి ఉద్యోగం లెవెల్ 1 పేరుతో వస్తుంది, పదో తరగతో ఐటీఐయో లేకుండా దరఖాస్తే పెట్టలేరు. గల్ఫ్‌కి వెళ్లేవాళ్లున్న ఇళ్లలో ఇంకో సంగతి తెలుస్తుంది: పది పాసైనవాళ్ల పాస్‌పోర్టుకి ఎమిగ్రేషన్ క్లియరెన్స్ అక్కర్లేదు, పాసవ్వనివాళ్లకి కొన్ని దేశాలకి వెళ్లాలంటే కావాలి. ఒకప్పుడు ఎనిమిది దగ్గర తెరుచుకున్న తలుపులు మెల్లగా పది దగ్గరికి జరిగిపోయాయి. తల్లుల మనసులో మాత్రం పాత చోటే ఉన్నాయి.

ఇక అసలు విషయం. మీరు ఎస్సే రాసేటప్పుడు పనికొస్తుందని నేను అనుకుంటున్నది ఇదే. ఎనిమిదో తరగతి చివర మన రాజ్యం ఒకేసారి మూడు చేతులు వెనక్కి తీసుకుంటుంది. ఆర్టికల్ 21ఎ హామీ 6 నుంచి 14 ఏళ్లకే. ఆలస్యంగా చేరిన పిల్లలకి సెక్షన్ 4 ప్రకారం 14 దాటినా ఎలిమెంటరీ పూర్తయ్యేదాకా ఉచితం, ఆ తర్వాత లేదు. పీఎం పోషణ్, అంటే మధ్యాహ్న భోజనం, ఎనిమిదో తరగతితో ఆగిపోతుంది. అప్పర్ ప్రైమరీ పిల్లకి రోజుకి 150 గ్రాముల బియ్యం, 700 క్యాలరీలు, 20 గ్రాముల ప్రోటీన్ అని మనం బట్టీ పట్టే ఆ పళ్లెం తొమ్మిదో తరగతి గదిలోకి రాదు. మూడోది బాలకార్మిక చట్టం. 2016 సవరణ తర్వాత 14 లోపు పిల్లల్ని ఏ పనిలోనూ పెట్టకూడదు, బడి అయ్యాక ఇంటివాళ్ల పనిలో సాయం లాంటి మినహాయింపులు తప్ప. 14 నిండితే గనులు, పేలుడు పదార్థాలు, ప్రమాదకరమైన ప్రక్రియలు మాత్రమే నిషేధం. మిగతా పనికి దారి తెరిచే ఉంటుంది.

ఒక్కో చట్టాన్నీ విడిగా చదివితే ప్రతిదీ సబబే. మూడింటినీ ఒకే పిల్లాడి డిసెంబర్ నెలలో పెట్టి చూడండి. ఉచిత చదువు హామీ పోయింది, పళ్లెం పోయింది, పనికి అనుమతి వచ్చింది. యూడైస్ ప్లస్ 2024-25 లెక్కల్లో మిడిల్ దశలో డ్రాపౌట్ 3.5 శాతం, సెకండరీలో 8.2 శాతం. ఆ రెండు అంకెల మధ్య ఉన్నది ఈ డిసెంబరే. జాతీయ విద్యావిధానం 2020 సెకండరీ దాకా 2030 కల్లా నూరు శాతం నమోదు అంటోంది. లక్ష్యం మంచిదే. లక్ష్యం ఉండటం, హక్కు ఉండటం ఒకటి కాదు. ఈ తేడా ఒక్క వాక్యంలో రాయగలిగితే ఎగ్జామినర్ ఆగి చదువుతారని నా నమ్మకం.

ఇప్పుడు పార్టీకి వద్దాం. గ్రాడ్యుయేషన్ అనే పేరే వద్దనుకున్నాం. మన మాట చూడండి, స్నాతకోత్సవం. గురువు దగ్గర చదువు ముగించి, స్నానం చేసి, ఇంటికి తిరిగి వెళ్లేవాడు స్నాతకుడు. అది మన పెళ్లిళ్లలో స్నాతకంగా మిగిలింది. పెళ్లికొడుకు స్నాతకం చేసుకుని, గొడుగూ కర్రా పట్టుకుని కాశీయాత్ర అని నాలుగడుగులు వేస్తే, బావమరిది వచ్చి మా అక్కని చేసుకోమని వెనక్కి తీసుకొస్తాడు. అంటే తెలుగువాడి ఇంట్లో చదువు ముగింపుకి గుర్తు పెళ్లి. పద్నాలుగేళ్ల ఆడపిల్లల కోసం చేసే వేడుకకి అంతకంటే చెడ్డ పేరు ఉంటుందా? ఎన్ఎఫ్‌హెచ్ఎస్-5 ప్రకారం 20-24 ఏళ్ల మహిళల్లో 18 నిండకముందే పెళ్లయినవారు పశ్చిమ బెంగాల్‌లో 41.6 శాతం. దేశం మొత్తం మీద 23.3. మన ఆంధ్రప్రదేశ్‌లో 29.3, కాబట్టి వేలు చూపించే అర్హత మనకి అంతగా లేదు.

బెంగాలీ పిల్లలు ముందు బ్యానర్ మీద "బిదాయ్ సంబర్ధనా" అని రాద్దామన్నారు. వీడ్కోలు సన్మానం అని. అదీ వద్దన్నాం. చివరికి వాళ్లలోనే ఒక పిల్ల అంది, "నబీన్ బరణ్ చేద్దాం దీదీ." ఇక్కడ కాలేజీల్లో కొత్తగా చేరినవాళ్లని ఆహ్వానించే వేడుకని అలా అంటారు. వెళ్లిపోయేవాళ్లకి కాదు, వచ్చేవాళ్లకి. మనకి అక్షరాభ్యాసం ఉంది, బెంగాలీలకి సరస్వతీ పూజ రోజు హాతేఖొడి ఉంది. రెండు భాషలవాళ్లమూ చదువు మొదలవడాన్నే పండగ చేసుకుంటాం. ఆ లెక్కన తొమ్మిదో తరగతికి స్వాగతం అంటే ఎవరికీ కొత్తగా లేదు. బ్యానర్ మీద బెంగాలీలోనూ, హిందీలోనూ, తెలుగులోనూ "తొమ్మిదిలోకి రండి" అని రాస్తున్నాం. తెలుగు అక్షరాలు రాసేది నేనే. మా తెలుగు పిల్లలు తెలుగు గలగలా మాట్లాడతారు, చదవలేరు. 2020 డిసెంబర్‌లో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకి అధికార భాష హోదా ఇవ్వడానికి ఒప్పుకుంది, సంతోషమే. ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన గురించి చెప్పే ఆర్టికల్ 350ఎ మాత్రం ఈ గదిలో ఇంకా పిల్లల నోటి దగ్గరే ఉంది, చేతి దాకా రాలేదు. అందుకే ఆహ్వాన పత్రికలు వేయించలేదు. ఇంటింటికీ వెళ్లి నోటితోనే చెప్పాం. దాని వల్ల ఇంకో లాభం కూడా వచ్చింది, అది తర్వాత చెబుతాను.

గౌను ఫోటో పోయిందని దిగులుపడ్డ పిల్లల కోసం దొరికిన దారి నాకు బాగా నచ్చింది. శాంతినికేతన్‌లో విశ్వభారతి స్నాతకోత్సవంలో ఛాతిమ్ చెట్టు రెమ్మ ఇచ్చే ఆనవాయితీ ఉంది. ఏడేసి ఆకులు గొడుగులా విచ్చుకుని ఉంటాయి కాబట్టి సప్తపర్ణి, మన ఏడాకుల పాల. పశ్చిమ బెంగాల్ రాష్ట్ర వృక్షం అదే. దాని శాస్త్రీయ నామం ఆల్‌స్టోనియా స్కాలారిస్. ఆ స్కాలారిస్ ఎందుకంటే, పూర్వం బడిపిల్లల రాత పలకలు ఆ చెక్కతో చేసేవారు. పర్యావరణం సిలబస్‌లో ఇలాంటివి ఊరికే దొరకవు, రాసిపెట్టుకోండి. మా రోడ్డు చివర ఒక ఛాతిమ్ ఉంది. 23 చిన్న రెమ్మలు కోస్తే చెట్టుకి ఏమీ కాదు, మాకు పైసా ఖర్చు లేదు. రెమ్మ చేత్తో పట్టుకుని ఫోటో. పది రూపాయల చొప్పున ప్రింట్లకి 230.

డబ్బు ఎవరిస్తారన్న దగ్గర కూడా కాస్త నలిగాం. పిల్లలు తలా వంద తెస్తే సరిపోతుందని మొదటి ప్రతిపాదన. వంద తేలేనివాళ్లు ఆ రోజు జ్వరమని రాకుండా ఉండిపోతారు. ఎవరు రాలేదో మిగతా 22 మందికీ తెలుస్తుంది. ఒక షాపు యజమాని పది వేలు ఇస్తానన్నాడు, బ్యానర్ మీద తన ఫోటో, పక్కన పిల్లల ఫోటోలు ఉండాలట. ఎథిక్స్ పేపర్లో ఇలాంటి కేస్ స్టడీ వస్తే మీరు ఏం రాస్తారో నాకు తెలుసు: మధ్యేమార్గం, అందరితో చర్చ, పారదర్శకత. మేం మర్యాదగా వద్దన్నాం, అంతే. ఎనిమిది మందిమి తలా 500 వేసుకున్నాం. టెస్ట్ సిరీస్ డబ్బుల్లోంచి తీసినవాళ్లూ ఉన్నారు. ఇంట్లోవాళ్లు చదువుతారు కాబట్టి ఎవరన్నది చెప్పను.

తిండి సంగతి. ఓటింగ్ పెడితే బిరియానీకి 23కి 23. కోల్‌కతా పిల్లలకి బిరియానీ అంటే అందులో బంగాళాదుంప ఉండాలి, లేకపోతే అది బిరియానీయే కాదు. నేను హైదరాబాద్ పక్షం వహించబోతే మా తెలుగు పిల్లలే నన్ను అడ్డుకున్నారు. ప్లేటు 130, 45 మందికి 5,850. బంగాళాదుంపని మాత్రం మిగుల్చుకున్నాం. ఆలూ దమ్, పులిహోర, ఉడికించిన గుడ్డు. గుడ్డు తిననివాళ్లకి ఒక సందేశ్ ఎక్కువ. డిసెంబర్ కాబట్టి నొలేన్ గుడ్ వచ్చేసింది, అంటే ఈత చెట్టు నుంచి తీసే కొత్త బెల్లం. ఆ బెల్లం సందేశ్ చిన్నవి పది రూపాయలకి దొరుకుతున్నాయి. అందరికీ తలా ఒక కమలాపండు. వంట మొత్తం 2,400, పళ్లకి 360. విస్తరాకులు ఒక అమ్మమ్మగారు ఇస్తామన్నారు.

రోజూ, వేళా ఎంచుకోవడం దీనికంటే కష్టమైంది. ఇక్కడి ప్రభుత్వ బడుల సంవత్సరం జనవరి నుంచి డిసెంబర్. ఫలితాలు నెలాఖరుకి వస్తాయి. ఫలితాల తర్వాత చేస్తే పాసైనవాళ్ల పార్టీ అవుతుంది. 2019 సవరణతో ఐదు, ఎనిమిది తరగతుల చివర పరీక్ష పెట్టి, రెండు నెలల్లో మరో అవకాశం ఇచ్చి, అప్పటికీ రాకపోతే ఆపే అధికారం ప్రభుత్వాలకి వచ్చింది. ఆపడం మంచిదా కాదా అన్నది మీరు రెండువైపులా రాయాల్సిన ప్రశ్న, నేను ఇక్కడ దిగను. మా పార్టీలో మాత్రం ఎవరూ ఆగిపోకూడదు, కాబట్టి ఫలితాలకి ముందు ఆదివారం. ఇళ్లలో పనిచేసే తల్లులు పొద్దుటి పనులు ముగించుకుని ఒంటిగంటకి వస్తారు, మళ్లీ సాయంత్రం పనికి వెళ్లాలి. డిసెంబర్‌లో ఇక్కడ ఐదు కాకముందే పొద్దుగూకుతుంది, ఆడపిల్లల్ని చీకటి పడ్డాక పంపరు. ఈ రెండూ కలిపితే మిగిలింది ఒంటిగంటన్నర నుంచి నాలుగు. పార్టీ సాయంత్రం పెడితే లైట్లు బాగుంటాయన్నవాళ్లు ఉన్నారు. లైట్లు బాగుంటాయి, ఆడపిల్లలు ఉండరు.

ఆ రెండున్నర గంటల్లో ఒక మూల బల్ల ఉంటుంది. నిజానికి పార్టీ అంతా ఆ బల్ల కోసమే. మా పిల్లల బడి జూనియర్ హైస్కూల్, ఎనిమిది దాకానే. తొమ్మిదికి వేరే బడి వెతుక్కోవాలి. డ్రాపౌట్ అనే మాట మనం ఏదో ఒక రోజు పిల్లాడు బడి మానేసినట్టు రాస్తాం. ఇక్కడ ఎవరూ మానెయ్యరు. ఒక బడి అయిపోతుంది, ఇంకో బడి మొదలవదు, మధ్యలో జనవరి గడిచిపోతుంది. అందుకే ప్రతి పిల్లకీ ఒక ఫోల్డర్ కొన్నాం, 25 చొప్పున 575. ఇంకో 200 జెరాక్సులకి. జనన ధ్రువపత్రం, ఆధార్, గత మార్కుల షీట్లు, ఫోటోలు, దగ్గర్లో తొమ్మిది ఉన్న మూడు బడుల పేర్లు, ఏ బడికి ఏ రోజు ఎవరు తోడు వెళ్తారో ఒక కాగితం. లెక్క కట్టుకుంటున్నవాళ్ల కోసం: ఇక్కడికి 3,765 అయింది, మిగిలిన 235 గ్యాస్‌కి.

ఫోల్డర్లో అన్నిటికంటే పెద్ద తలనొప్పి పేరు. తొమ్మిదో తరగతిలో మాధ్యమిక్ బోర్డు రిజిస్ట్రేషన్ చేస్తారు. అప్పుడు రాసిన పేరూ పుట్టిన తేదీయే పదో తరగతి అడ్మిట్ కార్డు మీదికి వస్తాయి, ఈ రాష్ట్రంలో జీవితాంతం వయసు రుజువుకి చూపించేది ఆ కార్డే. మనకి ఇంటిపేరు ముందు, వాళ్లకి చివర. తండ్రి పేరు చివర రావు ఉంటే కొడుకు ఇంటిపేరు రావు. పిల్ల పేరు చివర కుమారి ఉంటే ఆ కుటుంబం ఇంటిపేరు కుమారి. బెంగాలీలో వ పలకదు కాబట్టి వాణి బాణీ అవుతుంది. ఆధార్‌లో ఒకటి, బడి రికార్డులో ఒకటి, అమ్మ నోట్లో ఇంకొకటి. యూపీఎస్సీ ఫారం నింపుతూ మీ టెన్త్ సర్టిఫికెట్ ప్రకారం అని చదివినప్పుడు, ఆ సర్టిఫికెట్ మీద మీ పేరు సరిగ్గా ఉండటానికి ఒకప్పుడు ఎవరో ఒక గుమాస్తా బల్ల ముందు నిలబడి ఉంటారు, గుర్తుందా?

ఇంటింటికీ వెళ్లి పిలిచినందుకు వచ్చిన లాభం ఇక్కడే. పార్టీకి రండి అని చెబుతూనే, వచ్చేటప్పుడు కాగితాలు తెండి అన్నాం. ఇవాళ్టికి 19 ఫోల్డర్లు నిండాయి. కాగితాలు ఉన్న ఇళ్లకంటే, ఎందుకు అని అడిగిన ఇళ్లలో ఎక్కువసేపు కూర్చోవాల్సి వచ్చింది.

మిగిలిన నలుగురిలో ఇద్దరికి జనన ధ్రువపత్రం ఊళ్లో ఉండిపోయింది, తెప్పిస్తున్నారు. మూడోవాడి ఇల్లు మెటియాబ్రుజ్ సరిహద్దులో. రెడీమేడ్ బట్టలకి ఈ వైపంతటికీ పెద్ద కేంద్రం అది, ఓస్తాగర్ అంటే పెద్ద టైలరు, ఆయన కింద కుట్టేవాళ్లు, కోసేవాళ్లు. వాళ్ల నాన్న కటింగ్ మాస్టర్. జనవరిలో రంజాన్ ఆర్డర్లు మొదలవుతాయి, కుర్రాడికి ఓస్తాగర్ మాట ఇచ్చేశాడు. వాడికి 14 నిండాయి, బట్టలు కుట్టడం చట్టం చెప్పిన ప్రమాదకరమైన పనుల్లోకి రాదు, కాబట్టి మా చేతిలో ఏ సెక్షనూ లేదు. ఆయనతో మూడుసార్లు మాట్లాడాం. రెగ్యులర్ బడి కుదరదన్నారు. ఎన్ఐఓఎస్‌లో 14 నిండితే పదికి నమోదు చేసుకోవచ్చు, ఈ రాష్ట్రానికి రవీంద్ర ముక్త విద్యాలయం కూడా ఉంది అని చెప్పాం. ఆదివారాలు మా దగ్గరికి పంపుతారా అంటే, ఆదివారాలైతే సరే అన్నారు. ఫోల్డర్లో వాడి మొదటి కాగితం ఓపెన్ స్కూల్ ఫారం. వాడు అడిగింది ఒకటే, పార్టీ పేరు తొమ్మిదిలోకి రండి అని ఉంది కదా, నేను రావచ్చా అని. వాడికి బ్యానర్ కట్టే పని అప్పజెప్పాం.

నాలుగో ఫోల్డర్ పట్టా మాట అడిగిన ఆ తల్లి కూతురిది. సైన్సులో ఆ పిల్ల తర్వాతే ఎవరైనా. సంక్రాంతికి ఊరెళ్తున్నారు, ఇచ్ఛాపురం దగ్గర. అమ్మమ్మ దగ్గర వదిలేసి వస్తానంటోంది తల్లి. అక్కడ మేనమామ ఉన్నాడు, అతనికి ఇంకా పెళ్లి కాలేదు. ఎవరూ ఆ మాట బయటికి అనలేదు, అనక్కర్లేదు కూడా. ఎనిమిదో తరగతి నుంచి చదువుతున్న ఆడపిల్లకి కన్యాశ్రీ కింద ఏటా 1,000, 18 నిండేదాకా చదువుతూ, పెళ్లి కాకుండా ఉంటే ఒకేసారి 25,000 అని వివరించాను. 2013లో పెట్టిన పథకం, 2017లో ఐక్యరాజ్యసమితి ప్రజాసేవా అవార్డు వచ్చింది. అవార్డు సంగతి మీకోసం. ఆవిడకి చెప్పింది 25,000 సంగతి. విని, "నాలుగేళ్ల తర్వాత కదమ్మా" అంది. ఆవిడ లెక్కలో అదీ సరైన మాటే.

నిన్న రాత్రి మళ్లీ వెళ్లాను. పులిహోర ఎవరు కలుపుతున్నారని ఆవిడే అడిగింది. బెంగాలీ పిల్లాడి అమ్మ ఒకావిడ నేర్చుకుని చేస్తానందని చెబితే, చింతపండు ఎంత పులుసు తీయాలో వాళ్లకేం తెలుస్తుంది, నేను వస్తాను అంది. పదకొండింటికే వస్తుందట, పోపు సామాను ఇంటి నుంచే తెస్తుందట, మూడు కిలోల బియ్యానికి ఎంత నూనె పట్టాలో కూడా చెప్పింది. పిల్ల గడప దగ్గర నిలబడి వింటోంది. ఫోల్డర్ ఖాళీగానే వాళ్ల ట్రంకుపెట్టె మీద పెట్టి వచ్చాను.